చిలకమ్మ ఆగే చోటు

బస్సు బోర్డు మీద చిలకలూరిపేట అని ఉన్నా ఊళ్లో వాళ్లెవరూ అంత పొడుగున పిలవరు. పేట, అంతే. జనవరి దాటిందంటే మా పేట చుట్టుపక్కల పగటిపూట పెద్దవాళ్లు ఇళ్లల్లో కనపడరు. మిరప కోతలు. కోసేవాళ్లు చేలల్లో, కాయ ఏరేవాళ్లు కళ్లాల్లో. అంగన్‌వాడీకి పోనని మారాం చేసిన పిల్లలు ఏ నాయనమ్మ దగ్గరో మిగులుతారు, ఆ నాయనమ్మకు ఎదురుగా టీవీ ఉంటుంది. పోయినేడు అలా మూడున్నరేళ్ల మనవడు నా వంతుకు వచ్చాడు. ఆ రెండు నెలలూ వాడు చూసిందంతా నేనూ చూశాను.

వాడికి అన్నిటికన్నా ఇష్టం చిలకమ్మ పాట. అది రాని తెలుగు ఇల్లు ఉండదు. చిత్రమేమంటే ఆ పాటంతా ప్రశ్నలే, జవాబు ఒక్కటీ లేదు. మా అమ్మ ఆ పాట చెప్పేటప్పుడు ప్రతి ప్రశ్న దగ్గరా ఆగేది. ఒళ్లో ఉన్న పిల్ల ‘ఊఁ’ అంటేనే చిలక ముందుకు కదిలేది. మా ఇంట్లో ఆడే వీడియోలో రంగులు బాగున్నాయి, తాళం ఇంకా బాగుంది. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య మాత్రం ఊపిరి తీసుకునే సందు లేదు. వీడు ‘ఊఁ’ అనబోయేసరికి చిలక తోట దాటిపోయేది. నాలుగైదు సార్లు ప్రయత్నించి వాడు అనడమే మానేశాడు. నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాడు.

ఆ ‘ఊఁ’ కోసం వదిలే ఖాళీలోనే పిల్లల టీవీ పనితనమంతా ఉంది. అది కనిపెట్టడానికి అమెరికాలో కొందరు చాలా శ్రమపడ్డారు. 1969 నవంబరు 10న మొదలైన ‘సెసమీ స్ట్రీట్’ కార్యక్రమాన్ని తలపెట్టింది జోన్ గాంజ్ కూనీ అనే టీవీ నిర్మాత, లాయిడ్ మోరిసెట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. టీవీ ప్రకటనల పాటలు పిల్లలకు ఇట్టే కంఠతా వస్తున్నాయే, ఆ పట్టు అక్షరాలకు ఎందుకు పనికిరాదు అన్నది వాళ్ల ప్రశ్న. ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి, పక్కనే ఇంకో తెర పెట్టి, దానిమీద ఏడెనిమిది సెకన్లకొక కొత్త బొమ్మ మార్పించేవాడు. పిల్లవాడి చూపు పక్క తెర మీదికి పోయిందంటే టీవీలో ఆ ఘట్టం తేలిపోయినట్టే. హరిదాసు కూడా జనం ఆవలింతలు చూసే పిట్టకథలోకి దిగుతాడు. వీళ్లు ఆ ఆవలింతలను సెకన్ల లెక్కన పుస్తకంలో రాసుకున్నారు.

ఆ లెక్కలు పండితుల మాటను కూడా తోసేశాయి. నిజం మనుషులనూ తోలుబొమ్మల్లాంటి పాత్రలనూ ఒకే చోట కలిపితే పిల్లలు తికమకపడతారని నిపుణులు చెప్పారు. విడివిడిగానే తీశారు. ప్రసారానికి ముందు ఫిలడెల్ఫియాలో వేసి చూస్తే, మనుషులు మాత్రమే ఉన్న వీధి దృశ్యం రాగానే పిల్లల చూపు గోడల మీదికి పోయింది. అప్పుడు ఎనిమిదడుగుల పసుపుపచ్చ పిట్టను ఆ వీధిలోకి దించారు. కాకమ్మ కథలు విని పెరిగిన మనకు ఇందులో వింతేమీ లేదనుకోండి.

నాకు బాగా నచ్చింది మాత్రం అక్షరాల ముచ్చట. జేమ్స్ ఎర్ల్ జోన్స్ అనే నటుడి చేత ఇంగ్లీషు అక్షరమాల చెప్పించారు. తెర మీద అక్షరం వస్తుంది. ఆయన పలకడు. కాసేపు ఆగి, ఆ గంభీరమైన గొంతుతో పలుకుతాడు. మళ్లీ మౌనం. మొదటిసారి చూసిన పిల్లలు ఆయన అన్నాక అన్నారు. ఇంకొన్నిసార్లు చూశాక అక్షరం కనపడగానే, ఆయన నోరు విప్పేలోపే అనేశారు. ఆ పైన అక్షరం తెర మీదికి రాకముందే అరిచారు. ఇది చదివినప్పుడు నాకు వీధిబడి పంతులుగారు గుర్తొచ్చారు. ఎక్కం సగంలో బెత్తం గాల్లో నిలిపి ఊరుకునేవారు. ఆ మిగతా సగం మా నోళ్లలోంచి రావాలి. వల్లె వేయడాన్ని గుడ్డి బట్టీ అని తీసిపారేస్తాం గానీ ఆ బెత్తం ఆగే క్షణంలో నలభై బుర్రలు పని చేసేవి.

1996లో వచ్చిన ‘బ్లూస్ క్లూస్’ ఇంకో అడుగు ముందుకేసి ఒకే భాగాన్ని వరసగా ఐదు రోజులు వేసింది. పెద్దవాళ్లకు అది విసుగు. ఒకే కథను నూరు రాత్రులు అడిగే పిల్లలకు మాత్రం ఐదో రోజే అసలు పండగ, జవాబులన్నీ వాళ్లకు వచ్చు కాబట్టి.

ఇక మన అక్షరాల సంగతి. ఇంగ్లీషులో అక్షరం పేరు ఒకటి, పలుకు ఒకటి. ‘బీ’ నేర్చుకున్న పిల్ల ‘బ్యాట్’ చదివేటప్పుడు ఆ ‘బీ’ని మరిచిపోవాలి. వాళ్ల కార్యక్రమాల్లో సగం బాధ ఈ ముడి విప్పడానికే. తెలుగులో ఆ ముడి లేదు. ‘క’ పేరూ క, పలుకూ క. మన చిక్కంతా రూపంతో. ‘ప’కు తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’కు అంటుకుని ఉంటుంది. ‘వ’కు తోక సాగితే ‘మ’. అచ్చు పుస్తకం పూర్తయిపోయిన అక్షరాన్నే చూపగలదు. టీవీ అయితే అక్షరం పుట్టడాన్ని చూపుతుంది: చెయ్యి ఎక్కడ మొదలైంది, ఎటు తిరిగింది, తలకట్టు కోసం ఎక్కడ పైకి లేచింది. అయినా చాలా వీడియోల్లో అక్షరం ఎక్కడినుంచో గెంతుకుంటూ వచ్చి, కళ్లు మిటకరించి, పక్కన ఆపిల్ పండో ఆవో పడేసి వెళ్లిపోతుంది. అది ఎలా తయారైందో పిల్లవాడికి తెలియదు.

గుణింతం చూడండి. గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, కొమ్ముదీర్ఘం. ఈ పేర్లు పెట్టినవాళ్లెవరో గానీ బొమ్మలు గీసేవాళ్లకు సగం పని చేసిపెట్టారు. ‘క’ నెత్తిన గుడి కడితే ‘కి’, పక్కన కొమ్ము మొలిస్తే ‘కు’. పాఠానికి వేరే సరుకు వెతుక్కోనక్కర్లేదు, మా ఊరి పేరే చాలు. చి, ల, క, లూ, రి, పే, ట. ఏడక్షరాలు, ఒత్తు లేదు, సున్న లేదు. తలకట్టుకు క, తలకట్టు లేని వాటికి ల, ట. గుడికి చి, రి. కొమ్ముదీర్ఘానికి లూ, ఏత్వానికి పే. హైవే మీద ప్రతి బస్సు నెత్తినా ఈ పాఠం తిరుగుతూనే ఉంటుంది. ఒత్తూ సున్నా రెండూ ఉన్న కోటప్పకొండను శివరాత్రి ప్రభలు కట్టేదాకా అట్టిపెట్టుకోవచ్చు.

అంకెల్లోనూ మన దారి వేరు. ఇరవై ఒకటి తెలిసిందంటే తొంభై తొమ్మిది దాకా దారి తెలిసినట్టే. పదులు చెప్పి ఒకట్లు చేర్చుకుంటూ పోవడమే. హిందీ పిల్లలు నూరు దాకా దాదాపు ప్రతి అంకెకూ ఓ కొత్త పేరు మోయాలి. మనవాళ్లు తొట్రుపడేది పదకొండుకీ పంతొమ్మిదికీ మధ్య, నిలవాల్సింది అక్కడ. అరువు తెచ్చుకున్న వీడియో అన్ని అంకెల మీదుగానూ ఒకే పరుగున పోతుంది. అంతకన్నా పెద్ద తేడా ఇంకోటుంది. మనం మనుషులను ఒక రకంగా, మిగతావాటిని ఒక రకంగా లెక్కపెడతాం. పిల్లులు మూడు, పిల్లలు ముగ్గురు. డబ్బింగులో పెదవుల కొలతకు సరిపెట్టబోయి ‘మూడు పిల్లలు’ అన్న మాట నా చెవులారా విన్నాను. పిల్లి పిల్లల గురించేమో అనుకున్నాను, కాదు. తెలుగు లెక్క నేర్పే కార్యక్రమం ‘ఇద్దరు, ముగ్గురు, నలుగురు’ను ఆటలో కలపకపోతే ఆ లెక్క సగమే.

తెలుగువాళ్లకు ఈ విద్య కొత్తదేం కాదు. టీవీ కంటే ముందే న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయి పిల్లల్నే మైకు ముందుకు తెచ్చారు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు, ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ అందించే ‘సైట్’ ప్రయోగం నడిచింది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం, ఇస్రో పూనిక, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. కోళ్లగూళ్లకు కట్టే ఇనుప వలతో చేసిన గొడుగులు ఆకాశం వైపు తిప్పి పెట్టారు. పొద్దున గంటన్నర బడిపిల్లలకు. ఆ గంటన్నరనే తెలుగు, కన్నడం, హిందీ, ఒరియా పంచుకోవాలి. అదే ఏడాది అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలై అంగన్‌వాడీలు వచ్చాయి. తెర, అంగన్‌వాడీ ఒకే ఏడాది పుట్టాయి గానీ కలిసి పెరగలేదు. ఉపగ్రహం వెనక్కి పోయింది. తర్వాత 2006లో ‘గలీ గలీ సిమ్ సిమ్’ పేరుతో సెసమీ స్ట్రీట్ మన దేశానికి వచ్చింది, స్కూలు యూనిఫాం వేసుకున్న చమ్కీ అనే ఐదేళ్ల పిల్లతో. కానీ ఆ వీధి హిందీ వీధి. 2009లో ఖుషీ టీవీ, 2021లో ఈటీవీ బాలభారత్ వచ్చాక తెలుగు పిల్లల తెరకు కరువు తీరింది. ఆ తెర మీద కథలకు ఉన్న చోటు అక్షరాలకు లేదన్నది నా ఫిర్యాదు.

టీవీకి చేతకానివి కూడా ఉన్నాయి. రెండేళ్లలోపు పిల్లలు మనిషి దగ్గర నేర్చుకున్నట్టు తెర దగ్గర నేర్చుకోలేరు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కోతల కాలంలో ఈ గంట ఎన్ని గంటలవుతుందో మా వాడలో అందరికీ తెలుసు, నన్ను మినహాయించుకోను. ఇంకోటి, వేలు. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి పిల్ల వేలు పట్టి దిద్దిస్తాం. ఆ గింజల గరుకుదనం తెరలో రాదు. సెసమీ స్ట్రీట్ మొదటి రెండేళ్ల ఫలితాలు తూచినప్పుడు, ఎక్కువ చూసినవాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు; తల్లి పక్కన కూర్చుని దాని గురించి మాట్లాడిన ఇళ్లల్లో ఇంకా ఎక్కువ నేర్చుకున్నారు.

నేను చేసిందల్లా రెండు పనులు. టీవీ ముందు బియ్యం పళ్లెం పెట్టాను. రిమోటు చేతిలోకి తీసుకుని చిలకమ్మను ప్రతి ప్రశ్న దగ్గరా ఆపాను. మొదట్లో వాడు నా మీద విరుచుకుపడ్డాడు, పాట పాడుచేస్తున్నానని. మూడో రోజుకు ‘ఊఁ’ తిరిగొచ్చింది. వారానికి నేను ఆపకముందే ‘ఆపు ఆపు’ అనడం మొదలెట్టాడు.

వాడికి బాగా పట్టుబడిన ఇంకో ఆట, నాలుగు వస్తువులు చూపి వాటిలో వేరేదాన్ని పట్టుకోమనడం. మూడు ఎర్ర బంతులు, ఒక నీలం బంతి. చప్పున చూపించేసేవాడు. ఓ సాయంత్రం కళ్లం దగ్గరికి తీసుకెళ్తే అక్కడ ఆడవాళ్లు అదే ఆట ఆడుతున్నారు: ఎర్రకాయ ఒక కుప్ప, తెల్లబారిన తాలుకాయ ఒక కుప్ప. వాడు గొంతుక్కూర్చుని గబగబా ఏరాడు. పది కాయల తర్వాత చెయ్యి ఆగింది. తొడిమ దగ్గర ఎరుపు, కొసన తెలుపు ఉన్న కాయ ఒకటి పట్టుకుని ఎటు వెయ్యాలో అడిగాడు.

“తాల్లో వెయ్యి నాయనా, రంగు పోయింది” అంది ఒకామె.

“ఎరుపులోనే వెయ్యరా, కాటాలో తూగుద్ది” అంది రైతు భార్య.

వాడు ఆ కాయను చేతిలోనే పట్టుకుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.