పాట ముగియకముందే మరో పాట

మీరు ఢిల్లీ మెట్రోలో ద్వారక నుంచి నోయిడాకు వెళ్తున్నారనుకోండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. ఒక సినిమా పాట చివరికి వచ్చింది. అది పూర్తిగా ఆగకముందే మరో పాట సన్నగా మొదలైంది. మొదటిది తగ్గుతూ, రెండోది పెరుగుతూ, అతుకు ఎక్కడ పడిందో తెలియకుండా సంగీతం సాగిపోయింది. దీనినే క్రాస్‌ఫేడ్ అంటారు. ఇది ఎలా పనిచేస్తుంది? ఏ సంగీతానికైనా ఇది మేలు చేస్తుందా? పరిశీలిద్దాం.

ఫోనులో పాటలు వినిపించే యాప్‌ల చరిత్రలో ఢిల్లీ ప్రాంతానికి చోటుంది. 'గానా' 2010లో ఇక్కడే మొదలైంది. ఢిల్లీ కేంద్రంగా పనిచేసే భారతీ ఎయిర్‌టెల్ 2014లో ప్రారంభించిన 'వింక్ మ్యూజిక్' 2024లో మూతపడింది. 2019లో మన దేశానికి వచ్చిన స్పాటిఫైలో క్రాస్‌ఫేడ్‌ను 12 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. ఐఫోన్లలోని ఆపిల్ మ్యూజిక్‌కు ఈ సదుపాయం 2023లో వచ్చింది. అక్కడా గరిష్ఠ పరిమితి 12 సెకన్లే.

ఇందులోని గణితం అందమైనది. మొదటి పాట కంపన పరిమితిని 1 నుంచి 0కు, రెండో దానిని 0 నుంచి 1కి సమానమైన మెట్లలో మార్చామనుకుందాం. సరిగ్గా మధ్యలో రెండూ 0.5 వద్ద ఉంటాయి. కాని ధ్వని శక్తి కంపన పరిమితి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి ఒక్కొక్క పాట శక్తి 0.25 మాత్రమే. రెండింటినీ కూడితే 0.5. అంటే శక్తి సగానికి, సుమారు 3 డెసిబెల్‌లు పడిపోయింది! నడుమ సంగీతం కుంగినట్లు వినిపిస్తుంది. దీనికి పరిష్కారం మీ గణిత పుస్తకంలోనే ఉంది. ఒక పాటను కొసైన్ వక్రం ప్రకారం తగ్గించి, మరొకదాన్ని సైన్ వక్రం ప్రకారం పెంచితే సరి. సైన్ వర్గం, కొసైన్ వర్గం కలిపితే ఎప్పుడూ 1 కదా! మధ్యలో రెండూ 0.707 వద్ద ఉంటాయి. మొత్తం శక్తి మారదు.

నాట్యానికి వేసే పాటల వరుసకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. చివర దానంతటదే సన్నగిల్లే సినిమా పాటకూ పెద్ద నష్టం లేదు. మెట్రో హోరులో మెల్లని ధ్వనులు ఎలాగూ వినిపించవు. అందువల్ల పాట మొదలూ చివరా పోయినా అక్కడ మనం గమనించం.

చిక్కు ఇంట్లో, నిశ్శబ్దంలో కచేరీ వినేటప్పుడు వస్తుంది. కర్ణాటక సంగీతంలో రాగం, తానం, పల్లవి ఆగకుండా సాగుతాయి. రికార్డులో మాత్రం వాటిని తరచు మూడు భాగాలుగా విడదీస్తారు. 12 సెకన్ల క్రాస్‌ఫేడ్ పెట్టి ఉంటే తానం చివరి 12 సెకన్ల మీద పల్లవి మొదటి 12 సెకన్లు వచ్చి పడతాయి. ఒకే గాయకుడు ఒకే క్షణంలో రెండు చోట్ల పాడుతున్నట్లు ఉంటుంది. తాళం లెక్క తప్పుతుంది.

వేర్వేరు గాయకుల కృతులైతే మరో ఇబ్బంది. ఒకరి ఆధార షడ్జం సెకనుకు 131 కంపనాలు, మరొకరిది 139 అనుకోండి. రెండు తంబూరాలు కలిసి మోగితే సెకనుకు 8 విస్పందనాలు పుడతాయి. మీరు భౌతికశాస్త్రంలో చదివిన విస్పందనాలే ఇవి. ప్రయోగశాలలో ఆసక్తికరంగా ఉంటాయి. కచేరీలో మాత్రం అపశ్రుతి అనిపించుకుంటాయి.

మరో లెక్క చూడండి. 4 నిమిషాల పాటలో మొదటి 12, చివరి 12 సెకన్లు కలిస్తే 24 సెకన్లు. అంటే పాటలో పదో వంతు మరో పాటతో కలగలిసి వినిపిస్తుంది. రేడియోలో రెండు పాటల నడుమ అనౌన్సర్ గాయకుల పేరు, స్వరకర్త పేరు చెప్పేవారు. ఆ విరామం వృథా కాదు. అప్పుడే విన్నదాన్ని మనసులో నిలుపుకోవడానికి అది అవకాశమిచ్చేది.

అయితే క్రాస్‌ఫేడ్‌ను నిషేధించాలా? అక్కరలేదు. లోపం గణితంలో లేదు, సెకన్ల అంకె ఒక్కటే అన్ని సంగీతాలకూ సరిపోతుందనుకోవడంలో ఉంది. కచేరీ భాగాలకు కావలసింది ఒకదాని మీద ఒకటి పడటం కాదు, ఖాళీ లేకుండా ఒకదాని వెంట ఒకటి రావడం. యాప్‌లు ఆల్బమ్‌ను ఆల్బమ్‌గా, కలగూర పాటల జాబితాను జాబితాగా గుర్తించి, వేర్వేరుగా నడుచుకోవాలి. అంతవరకు ఆ నిర్ణయం మీ చేతిలోనే ఉంది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. మీకు బాగా తెలిసిన కచేరీ రికార్డును క్రాస్‌ఫేడ్ 12 వద్ద ఉంచి ఒకసారి, 0 వద్ద ఉంచి మరోసారి వినండి. ఏం పోయిందో కాగితం మీద రాసుకోండి. మీ చెవి చెప్పే తీర్పును ఏ యాప్ తీర్పుకూ తాకట్టు పెట్టకండి.