దారి పేరు ఎవరి మాట?

పట్నంలో రోడ్డు పేరును మనం చిరునామాగా మాత్రమే చూస్తాం. అది ఒక చిన్న చరిత్ర పాఠం కూడా. అయితే ఆ పాఠం ఎవరు రాశారో కనిపెట్టి చదవాలి.

విజయవాడలో బందరు రోడ్డు ఉంది. రికార్డుల్లో దాని పేరు మహాత్మాగాంధీ రోడ్డు. అయినా ఆటో ఎక్కేవాళ్లు బందరు రోడ్డనే అంటారు. ఆ దారి బందరుకు, అంటే మచిలీపట్నం రేవుకు పోతుంది. ఏలూరు రోడ్డు ఏలూరు వైపు పోతుంది. కృష్ణ నుంచి ఊళ్లోగా సాగే కాలువలకూ బందరు కాలువ, ఏలూరు కాలువ అనే పేర్లే. ఈ పేర్లు తెలిసిన పిల్లవాడు పటం చూడకుండానే ఊరి రూపు గీయగలడు: ఒకపక్క నది, అక్కడి నుంచి సముద్రం దిక్కుకు ఒక దారి, ఈశాన్యానికి ఇంకో దారి, వాటితోపాటే నీళ్లు. ఇవి నడిచినవాళ్లు పెట్టిన పేర్లు.

సికింద్రాబాద్ కథ వేరు. అది 1806లో ఇంగ్లీషు సైన్యం విడిదిగా ఏర్పడ్డ ఊరు. కింగ్స్‌వే, జేమ్స్ స్ట్రీట్ అనే పేర్లు దారి ఎటు పోతుందో చెప్పవు, ఎవరి ఏలుబడో చెబుతాయి. తర్వాత అవి రాష్ట్రపతి రోడ్డు, మహాత్మాగాంధీ రోడ్డు అయ్యాయి. ఏలేవాళ్లు మారారు గాని పేరు పెట్టే పద్ధతి మారలేదు.

ఇక హైదరాబాద్‌లోని బంజారాహిల్స్. బంజారాలు తిరిగిన గుట్టలు గనుక ఆ పేరు వచ్చిందంటారు. నేడు అది సంపన్నుల పేట. లోపలి పెద్ద రోడ్లకు అంకెలే పేర్లు. 2022లో ప్రభుత్వం అక్కడే కుమ్రం భీం ఆదివాసీ భవనాన్ని, సేవాలాల్ బంజారా భవనాన్ని తెరిచింది. మంచిదే. కానీ ఏ గుట్టను ఏమని పిలిచేవారో, ఏ నీటికి పశువులను తోలేవారో రోడ్ నంబర్ 10 చెప్పదు. జాతి పేరు మిగిలింది, ఆ జాతి ఎరిగిన నేల పేర్లు మిగల్లేదు.

మన పని ఇక్కడే ఉంది. గూడేలకు సిమెంటు రోడ్లు వస్తున్నాయి. కూడలికి భీం పేరు పెట్టమని అడుగుతున్నాం. అడగాల్సిందే. అంతటితో ఆగితే మనమూ సికింద్రాబాద్ పద్ధతిలోనే పడతాం. వాగు దాటే చోటుకు, దేవర చెట్టు మలుపుకు, ఇప్పపువ్వు ఏరే బాటకు పెద్దలు పెట్టుకున్న పేర్లుంటాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద క్లెయిం పెట్టినప్పుడు పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. హద్దు చెప్పేటప్పుడు వాళ్ల నోట వచ్చేవి ఈ పేర్లే. పిల్లలకు అవి తెలియకపోతే రేపు హద్దు చూపేదెవరు?

పరిసరాల విజ్ఞానం పాఠంలో ఊరి పటం గీయిస్తాం కదా. బడి, పంచాయతీ ఆఫీసు, నీళ్ల ట్యాంకు గుర్తులతో ఆపవద్దు. పెద్దలను అడిగి ప్రతి బాట పేరూ రాయించండి. గోండిలోనో కోయలోనో కువిలోనో ఎలా పలుకుతారో అలాగే తెలుగు లిపిలో రాయించండి. యువకులు ఆ పేర్లు చెప్పే పెద్దల వెంట ఒకసారి హద్దు దాకా నడవండి. ఆ పటం ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి గ్రామసభ దగ్గర ఉండాలి.