నిరాశ నుంచి విమర్శకు: మార్బిడ్ ఏంజెల్ ‘ఇల్లుడ్ డివినమ్ ఇన్సానస్’

1. పరిచయం

ఒక కళాకారుడి కొత్త రచనను పాత రచనతో పోల్చినప్పుడు, పాతదాన్ని కొలబద్దగా తీసుకోవడం ఎంతవరకు సమంజసం? తులనాత్మక విమర్శలో తరచుగా ఎదురయ్యే ఈ ప్రశ్నను ఒక సంగీత ఆల్బమ్ ఆధారంగా పరిశీలిద్దాం. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, టాంపా నగరానికి చెందిన మార్బిడ్ ఏంజెల్ బృందం 2011 జూన్‌లో విడుదల చేసిన ‘ఇల్లుడ్ డివినమ్ ఇన్సానస్’ మన ఉదాహరణ. మీలో చాలామందికి ఈ బృందం కొత్త కావచ్చు. అది మంచిదే. ముందే ఏర్పడిన అభిమానం లేని శ్రోత కారణాల కోసం పాటనే ఆశ్రయించవలసి ఉంటుంది.

2. డెత్ మెటల్ అంటే?

డెత్ మెటల్ రాక్ సంగీతంలో ఒక తీవ్రమైన శాఖ. గిటార్ల శ్రుతిని బాగా తగ్గించి, ధ్వనిని గరుకుగా మార్చి వాయిస్తారు. డ్రమ్మర్ రెండు కాళ్లతో పెడళ్లు తొక్కుతూ అతివేగంగా లయ నడుపుతాడు. గాయకుడు రాగం తీయడు, గర్జిస్తాడు. మొదట విన్నవారికి ఇదంతా గోలగా తోచవచ్చు. నాలుగైదుసార్లు వింటే గిటార్ వరుస ఎక్కడ మారుతోందో, వేగం ఎక్కడ తగ్గుతోందో స్పష్టమవుతుంది.

3. తొలి ఆల్బమ్‌లు

బృందం తొలి ఆల్బమ్ ‘ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ 1989లో వచ్చింది. గిటారిస్ట్ ట్రే అజాగ్‌తోత్, గాయకుడు, బేస్ వాద్యకారుడు డేవిడ్ విన్సెంట్, డ్రమ్మర్ పీట్ శాండోవాల్ అందులో ప్రధానులు. ‘ఛాపెల్ ఆఫ్ ఘూల్స్’ పాట వినండి. ఉధృతంగా సాగుతున్న పాట మధ్యలో నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది విశ్రాంతి కాదు. అంతవరకు పోగైన ఉద్రిక్తత అక్కడ బరువుగా మారుతుంది.

1991లో వచ్చిన ‘బ్లెస్డ్ ఆర్ ద సిక్’లో బృందం వేగాన్ని తగ్గించింది. అజాగ్‌తోత్ ఆ ఆల్బమ్‌ను మోజార్ట్‌కు అంకితం చేశాడు. అందులోని ‘డెసొలేట్ వేస్’ మాటలు లేని అకూస్టిక్ గిటార్ రచన. 1993 నాటి ‘కవనెంట్’ చివరి పాట ‘గాడ్ ఆఫ్ ఎంప్టినెస్’ మరీ నెమ్మదైనది. అందులో విన్సెంట్ ఒక దశలో గర్జన వదిలి మంద్రస్థాయిలో పాడతాడు. ఈ పాటను యంత్రధ్వనుల సంగీతానికి పేరుపొందిన స్లొవేనియా బృందం లైబాఖ్ 1994లో రీమిక్స్ చేసింది.

దీన్నిబట్టి రెండు విషయాలు తేలుతున్నాయి. ఈ బృందం మొదటి నుంచీ మారుతూనే ఉంది. యంత్రధ్వనితో దానికి పరిచయం కూడా 2011లో కొత్తగా కలిగింది కాదు.

4. 2011 నాటి నేపథ్యం

1996లో బృందాన్ని వీడిన విన్సెంట్ 2004లో తిరిగి వచ్చాడు. అతని గొంతుతో అంతకుముందు వచ్చిన స్టూడియో ఆల్బమ్ 1995 నాటి ‘డామినేషన్’. అంటే శ్రోతలు 16 ఏళ్లు ఎదురుచూశారు. వెన్ను శస్త్రచికిత్స కారణంగా శాండోవాల్ లేకపోవడంతో టిమ్ యంగ్ డ్రమ్స్ వాయించాడు. ఆల్బమ్ వెలువడగానే అభిమానులలో చాలామంది దాన్ని తిరస్కరించారు. ఆశ పెద్దది కనుక నిరాశా పెద్దదైంది. అయితే ఇది ఆదరణ చరిత్ర మాత్రమే. విమర్శ ఇక్కడి నుంచి మొదలుకావాలి.

5. విశ్లేషణ

ఆల్బమ్‌లోని 11 అంశాలలో ‘ఎగ్జిస్టో వుల్గోరే’, ‘బ్లేడ్స్ ఫర్ బాల్’, ‘నెవర్‌మోర్’ వంటివి పాత పద్ధతిలోని డెత్ మెటల్ పాటలు. వాటిలో పట్టు ఉంది. ‘టూ ఎక్స్‌ట్రీమ్!’, ‘డెస్ట్రక్టోస్’, ‘రాడికల్ట్’ యంత్రలయతో నడిచే పాటలు. చిక్కు వీటితోనే. యంత్రలయ వాడడం దోషం కాదు. ఆ లయతో ఏం సాధించారన్నది చూడాలి.

అలంకారశాస్త్రం చదివినవారికి మమ్మటుడు చెప్పిన ‘స్వశబ్దవాచ్యత్వం’ అనే రసదోషం గుర్తుండాలి. శృంగారం అనో, వీరం అనో పేరు పెట్టి చెప్పినంత మాత్రాన రసం పుట్టదు. విభావాదుల ద్వారా అది వ్యక్తం కావాలి. ‘టూ ఎక్స్‌ట్రీమ్!’ పాట తాను మితిమీరిన తీవ్రత గలదాన్నని పల్లవిలో పదేపదే ప్రకటిస్తుంది. ఆ వెనుక డ్రమ్ దరువు మాత్రం ఆరు నిమిషాలకు పైగా దాదాపు ఒకే తీరులో సాగుతుంది. తీవ్రత మాటల్లో ఉంది, సంగీతంలో లేదు. జనం కేకలతో మొదలయ్యే ‘ఐ యామ్ మార్బిడ్’ కూడా బృందం పేరునే నినాదంగా మార్చుకుంది. 1989 ఆల్బమ్‌కు ఇలాంటి చాటింపు అవసరం రాలేదు.

యంత్రలయ సంగీతానికి పునరావృతే ప్రాణం కదా, దాన్ని డెత్ మెటల్ కొలతతో కొలవవచ్చా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఆ పాటలను వాటి శాఖ కొలతతోనే కొలుద్దాం. ఆ శాఖలోని మంచి రచనల్లో దరువు మారకపోయినా దానిపై ధ్వని పొరలు మారుతూ శ్రోతను లోనికి లాగుతాయి. ‘రాడికల్ట్’ ఏడు నిమిషాలు దాటి సాగినా, మొదటి రెండు నిమిషాల్లో ఇచ్చినదానికి కొత్తగా చేర్చేది స్వల్పం. ‘గాడ్ ఆఫ్ ఎంప్టినెస్’ కూడా కొద్దిపాటి వరుసలతోనే నడుస్తుంది. కానీ అక్కడ గొంతు మారినప్పుడు పాట అర్థమే మారుతుంది.

పాటల అమరిక మరో లోపం. యంత్రలయ పాట తరువాత డెత్ మెటల్ పాట, మళ్లీ మొదటి తరహా పాట. ఒకదాని ప్రభావం మరొకదానిపై పడదు. రెండు వేర్వేరు సంపుటాలలోని పుటలను కలిపి కుట్టినట్లుంటుంది.

6. ముగింపు

2017లో బృందం స్టీవ్ టక్కర్ గానంతో ‘కింగ్‌డమ్స్ డిస్‌డెయిన్డ్’ ద్వారా పాత బాటకు మళ్లింది. సాహసం తప్పని తేలినట్లేనా? అలా అనుకోవడం తొందరపాటు. కళాకారుడు మారాడన్నదే మన అభియోగమైతే, ఇకపై పాతదాన్నే తిరగరాయమని అతనికి చెప్పినట్లవుతుంది. ఆ సలహాను 1991లో పాటించి ఉంటే ‘బ్లెస్డ్ ఆర్ ద సిక్’ పుట్టేది కాదు. మార్పును ఆహ్వానిస్తూనే, ఆ మార్పు పాటలో ఎక్కడ ఫలించలేదో చూపగలగాలి. కథకైనా, కవితా సంపుటికైనా ఇదే పద్ధతి వర్తిస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఆదరణ చరిత్రకూ విమర్శకూ గల భేదాన్ని ఈ పాఠం ఆధారంగా వివరించండి.
2. ‘స్వశబ్దవాచ్యత్వం’ అనే దోషాన్ని సంగీతానికి అన్వయించడం సమంజసమేనా? చర్చించండి.
3. మిమ్మల్ని నిరాశపరచిన ఒక రచనను అదే రచయిత పూర్వరచనతో పోల్చి, ‘మునుపటిలా లేదు’ అన్న మాట వాడకుండా ఒక పుట రాయండి.