ఫ్లైఓవరు: పదార్థవిమర్శనము

క్రొత్త వస్తువు దేశమునకు వచ్చునపుడు దానితోఁ గూడ దాని పేరును వచ్చుట లోకసహజము. రైలు, బస్సు, రోడ్డు మున్నగు పదములు తెలుఁగున నిలిచిపోయినవి. వానినిగూర్చి వివాదము లేదు. కాని కొన్ని పదములు ఒకచోట అన్యదేశ్యరూపముననే యుండుచు, మఱియొకచోట తెలిఁగింపఁబడుచు, ఒక్కొక్కరిచేత నొక్కొక్క తీరున వ్రాయఁబడుచున్నవి. ఇట్టివానిలో ఫ్లైఓవరు ఒకటి. ఒక త్రోవకు మీఁదుగా మఱియొక త్రోవను గొనిపోవు వంతెనకు ఇది పేరు. ఈ పదమునకు స్వభాషలోఁ గల యర్థమేది, మన దేశభాషలు దానిని గ్రహించిన తీరెట్టిది, తెలుఁగున దీనికిఁ దగిన పదమేది యను మూఁడు విషయములను విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ఫ్లై యనునది ఎగురుట యను నర్థము గల ధాతువు. ఓవరు అనునది మీఁదుగా, దాఁటి యను నర్థముల నిచ్చు నిపాతము. ఇంగ్లీషున ధాతువును నిపాతమును గలిసి, వేఱు ప్రత్యయ మేదియుఁ గానరాకయే నామమగుట కలదు. స్టాపోవరు, టేకోవరు మున్నగున విట్టివే. మన క్విబంతములయందు ప్రత్యయము సర్వమును లోపించి ధాతువే ప్రాతిపదికముగాఁ గనఁబడునట్లు, ఇందును ప్రత్యయము చెవికి వినఁబడదు. వినఁబడకున్నను దాని యర్థము మాత్రము కలదు. ఆ యర్థమేది యను చోటనే చిక్కు గలుగుచున్నది.

భావార్థమున గ్రహించినచో ఫ్లైఓవ రనఁగా మీఁదుగా నెగురుట. అమెరికాలో ఈ యర్థము ప్రసిద్ధము. అచ్చటి క్రీడారంగములలో జాతీయగీతము పాడు సమయమున సైనికవిమానములు బారులు తీరి ప్రేక్షకుల తలలమీఁదుగాఁ బోవుటను ఫ్లైఓవ రందురు. ఇంగ్లండువారు నిపాతమును మార్చి దానినే ఫ్లైపాస్టు అందురు. కరణార్థముననో అధికరణార్థముననో గ్రహించినచో, దేనిచేత లేక దేనియందు మీఁదుగాఁ బోవుదురో యది ఫ్లైఓవరు. అదియే వంతెన. ఇంగ్లండున నీ యర్థము రూఢము. అమెరికావారు సామాన్యముగా నట్టి వంతెనను ఓవర్‌పాస్ అని, పెద్దకూడలులలో మిక్కిలి యెత్తుగా వంపు తిరిగిపోవు త్రోవను ఫ్లైఓవ రని వ్యవహరింతురు. మఱియు నాదేశపు రెండు సముద్రతీరముల నడుమనున్న రాష్ట్రములకు ఫ్లైఓవరు స్టేట్స్ అను వాడుక కలదు. అచ్చట కర్మార్థము, అనఁగా విమానమునఁ బోవువారిచే దాఁటఁబడు నేల యని భావము. ఒక్క రూపమునకే యిన్ని కారకార్థములు గలుగుటచే సందర్భ మెఱుఁగనివాఁడు పొరపడుట సులభము. అమెరికా వార్తలోని ఫ్లైఓవరును వంతెనగాఁ దెలిఁగించినచో, క్రీడారంగముమీఁద నొక క్షణమునఁ బుట్టి మఱుక్షణమున మాయమైన వంతెన యొకటి పాఠకునికిఁ గనఁబడును.

ఇఁక వంతెనార్థమునే గ్రహింతము. వంతెన యెగురదు, దానిమీఁది బండ్లును నెగురవు. కావున ముఖ్యార్థమునకు బాధ కలదు; లక్షణ నాశ్రయింపవలెను. నేలకుఁ దగులక నింగిని నిలిచినట్లు కానవచ్చుట సాదృశ్యము. ఆంగ్లశిల్పులు గోడకు దూరముగానుండి కమానుతో దానిని ఒత్తిపట్టు నాధారమును ఫ్లయింగు బట్రెస్ అనుటయు, ఒక రైలుమార్గము మఱియొక రైలుమార్గమునకు మీఁదుగాఁ బోవు కూడలిని ఫ్లయింగు జంక్షన్ అనుటయు నీ గౌణవృత్తిచేతనే. కాఁబట్టి ఫ్లై యను భాగము అలంకారప్రాయము. వస్తులక్షణము ఓవరు అను భాగమునందే నిలిచియున్నది. తెలిఁగింపఁ బూనువాఁడు మొదట గుర్తింపవలసిన భేదమిది.

మన దేశమున నిట్టి వంతెనలు ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వచ్చినవి. ముంబయి కెంప్స్ కార్నరున 1965లోఁ గట్టినది మొదటిదిగా నెన్నఁబడుచున్నది. చెన్నపట్టణమున జెమినీ కూడలియందలిది 1973లోఁ దెఱవఁబడెను. వీనికిఁ బేరిడుటలో దేశభాషలు రెండు త్రోవలఁ బోయినవి. మహారాష్ట్రులు ఉడ్డాణపూల్ అనిరి. వంగీయులు ఉడాల్‌పుల్ అనిరి. ఉత్పూర్వకమగు డీఙ్ ధాతువు ఆకాశగమనార్థకము గదా. వీ రనువదించినది ఫ్లై యను భాగమును. తమిళులు మేంపాల మనిరి. కన్నడిగులు మేల్సేతువె యనిరి. మలయాళులు మేల్పాల మనిరి. మేల్ అనఁగాఁ బై. వీ రనువదించినది ఓవరు అను భాగమును. మహారాష్ట్రవంగపదములు రూఢిచే సిద్ధించినవి గాన వానికి దోషము చెప్పరాదు. అయినను పరభాషలోని లక్షణను మరల లక్షణగానే తెచ్చుకొనుటకంటె, వస్తువునం దున్న ధర్మమును జెప్పుట మేలని నా యభిప్రాయము.

తెలుఁగున పత్రికలవారు కొందఱు పైవంతెన యనుచున్నారు. ఈ పదముపై రెండాక్షేపములు కలుగవచ్చును. మొదటిది: పైయంతస్తు అన్నచోఁ గ్రిందియంతస్తు తోఁచునట్లు, పైవంతెన యన్నచోఁ గ్రింద మఱియొక వంతెన తోఁచునని. ఇది యుక్తము గాదు. పైకప్పు అన్నచోఁ గ్రిందికప్పు నెవ్వఁడును వెదకఁడు. పై యను విశేషణము సజాతీయమునే యపేక్షింపవలె నను నియమము తెలుఁగున లేదు.

రెండవది: ఇది గ్రామ్యచ్ఛాయ గలది, ఉపరిసేతువు, ఉల్లంఘనసేతువు మున్నగు సంస్కృతపదములు గౌరవప్రదములని. సంస్కృతాభిమానముచేతనే దీనికిఁ బ్రత్యుత్తర మీయవలసియున్నది. సేతుశబ్దము బంధనార్థకమగు షిఞ్ ధాతువుపై ఔణాదికమగు తున్ ప్రత్యయము చేరఁగా నేర్పడినది. అమరసింహుఁడు దీనికి ఆలి యను పర్యాయము నిచ్చినాఁడు. నీటిని గట్టి నిలుపు గట్టు దీని మూలార్థము. రామాయణమున సముద్రముపైఁ గట్టఁబడిన సేతువును వృక్షములతోను శిలలతోను బూడ్చి యేర్పఱచినదే. మర్యాద, హద్దు అను నర్థములును దీనినుండియే వచ్చినవి. సేతువు అడ్డగించునది. ఫ్లైఓవరు నిర్మాణమునకుఁ బ్రయోజన మడ్డగింపకుండుట: క్రిందిత్రోవను బోవువానిని నిలుపక, పైత్రోవను బోవువానికి దారి యిచ్చుటకే యది పుట్టినది. వంతెన యను సామాన్యార్థమున సేతుశబ్దము ప్రయుక్తమగుట నిజమే. కాని పేరు క్రొత్తగాఁ గల్పించునపుడు, వస్తుప్రయోజనమునకు విరుద్ధమగు ధాత్వర్థమును గౌరవముకొఱకుఁ దెచ్చిపెట్టుట వైయాకరణునకుఁ దగదు. కొందఱు రెంటికిని సంధి చేయఁదలఁచి ఉపరివంతెన యన్నచో నది వైరిసమాసము. పైవంతెన నిర్దుష్టమగు నాచ్ఛికసమాసము.

ఇచ్చట వారధిశబ్దమునుగూర్చి యొకమాట. వారి యుపపదముగా ధాధాతువుపై అధికరణార్థమునఁ గి ప్రత్యయము వచ్చి వారిధి యగును. నీరు ఉంచఁబడు చోటు, అనఁగా సముద్రము. తెలుఁగున వారధి యను రూపము సముద్రమును విడిచి, నీటిని దాఁటు వంతెనయందు రూఢమైనది. యోగముకంటె రూఢి బలవత్తరము గాన దానిని దప్పనరాదు. విజయవాడయందు ఈ పదముల హద్దు స్పష్టముగాఁ గనఁబడుచున్నది. అచ్చట కృష్ణను దాఁటు రోడ్డువంతెనకుఁ గనకదుర్గవారధి యని పేరు. ఇంద్రకీలాద్రి పాదమున 2020లోఁ దెఱవఁబడిన దానిని జనులు కనకదుర్గ ఫ్లైఓవ రందురు, వారధి యనరు. నీటిని దాఁటునది వారధి, త్రోవను దాఁటునది వేఱు అని పామరుఁడుసైత మెఱిఁగి మాటాడుచున్నాఁడు. ఆ వేఱగుదానికే మనము పేరు వెదకుచున్నాము.

రైలుశాఖవారి పరిభాషలో మఱింత జాగరూకత వలయును. రోడ్డు ఓవరుబ్రిడ్జి యనఁగాఁ బట్టాలకు మీఁదుగా రోడ్డును గొనిపోవు వంతెన. దీనినిఁ బట్టాలపైవంతెన యనవచ్చును. రోడ్డు అండరుబ్రిడ్జి యనఁగా రోడ్డు పట్టాలక్రిందుగాఁ బోవుచోటు. ఇందు వంతెన రైలును మోయుచు రోడ్డునకుఁ బైననే యున్నది, క్రిందనున్నది రోడ్డు. అండరు అను శబ్దమునకుఁ బట్టాలు అవధి. ఆ యవధిని విడిచి క్రిందివంతెన యని మాటకుమాటగాఁ దెలిఁగించినచో అర్థము తలక్రిందగును. పట్టాలక్రిందిత్రోవ యన్నచో బాలునకును సందేహముండదు. పై, క్రింద యను శబ్దములు సాపేక్షములు. దేనికిఁ బై, దేనికిఁ గ్రింద యని చెప్పనిదే యవి నిలువవు. దారిచూపు పలకలపై వ్రాయు మాటలలో నీ తప్పు దొరలినచో, ఎత్తైన సరుకులబండిని దోలువాఁడు మీఁదుగాఁ బోవలెనో, తన బండి పట్టని యిఱుకుసందునఁ దూఱవలెనో యెఱుఁగక చిక్కుపడును.

మిగిలిన దొక్కటి. హైదరాబాదున మెహదీపట్నమునుండి ఆరాంఘరువఱకు 2009లోఁ దెఱవఁబడిన పి. వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే నిడివి 11.6 కిలోమీటరులు. ఇది యొక కూడలిని దాఁటి దిగునది గాదు. క్రిందిత్రోవవెంబడినే స్తంభములపై సాగిపోవునది. ఒక త్రోవను దాఁటుటయే ఫ్లైఓవరునకు లక్షణమన్నచో, నడుమ నెన్ని కూడలులను దాఁటినను, క్రిందిత్రోవకు సమాంతరముగా నుండు భాగమున నీ లక్షణ మవ్యాప్తమగును. మీఁదనుండు త్రోవ యని మాత్రమే యన్నచో నదిపై వంతెనమీఁది త్రోవకును అతివ్యాప్తి. కావున రెంటికి రెండు పేరులుండుట యుక్తము. దాఁటి దిగుదానికిఁ బైవంతెన, వెంబడి సాగుదానికిఁ బైబాట యని నా సూచన.

ఫ్లైఓవరు అను పదమును వాడుకనుండి తొలఁగింపవలెనని నేను జెప్పుట లేదు. జనులనోట నిలిచినదానిని బండితులు తొలఁగింపలేరు. అట్లు చేయ నక్కఱయు లేదు. కాని బడిలో బాలుఁడు దీని యర్థమడిగినపుడు, ఎగురువంతెన యని చెప్పి యూరకుండక, త్రోవపైఁ ద్రోవను మోయు వంతెన యని లక్షణము చెప్పి, పైవంతెన యను తెలుఁగుమాటను బక్కననుంచుట యుపాధ్యాయులకు ధర్మము. నిఘంటుకారులును విమానార్థమును వేఱుగాఁ జూపుదురు గాక. పైబాట యను సూచనయందలి గుణదోషములను బండితులు విచారింపఁ గోరుచున్నాను.