తిన్యానెల్లోను నిలబెట్టేది పులుపే

ఇటలీలో ఫ్లోరెన్స్ నుంచి దక్షిణంగా వెళ్తే, గ్రేవె, పెసా అనే రెండు చిన్న నదుల లోయల మధ్య ఒక కొండవాలు కనిపిస్తుంది. 57 హెక్టార్ల ద్రాక్షతోట అది. సముద్రమట్టానికి 350 నుంచి 400 మీటర్ల ఎత్తున, నైరుతికి తిరిగి ఉంటుంది. నేలలో సున్నపురాయి ఎక్కువ. పగలంతా ఎండ కాస్తుంది, రాత్రి బాగా చల్లబడుతుంది. ఆ చలి వల్లే ద్రాక్షలో తీపి పెరిగినా పులుపు పోదు. తోట పేరు తిన్యానెల్లో. ఆంటినోరి కుటుంబం అదే పేరుతో అమ్మే వైన్ ఇవాళ ప్రపంచంలో పేరున్న ఎర్ర వైన్‌లలో ఒకటి.

ఫ్లోరెన్స్ వైన్ వర్తకుల సంఘంలో ఈ కుటుంబం పేరు 1385లోనే చేరింది. అంత పాత ఇంటివాళ్లే పాత కట్టుబాటును కాదన్నారు. 1967 నాటి నిబంధనల ప్రకారం ఈ ప్రాంతపు కియాంతి వైన్‌లో ఎర్ర ద్రాక్షతో పాటు తెల్ల ద్రాక్ష కూడా కలపాలి. దాంతో రంగు వెలిసేది, వైన్‌లో చిక్కదనం ఉండేది కాదు, నిలవకు పనికొచ్చేది కాదు. పియెరో ఆంటినోరి, ఆయన వైన్ నిపుణుడు జాకొమో తాకిస్ ఆ పద్ధతిని క్రమంగా వదిలేశారు. సాంజొవేసె అనే ఎర్ర ద్రాక్షతో చేసిన వైన్‌ను చిన్న ఓక్ పీపాల్లో ఉంచి పండించారు. 1970 పంట ఇంకా కియాంతి పేరుతోనే వచ్చింది. 1971 పంట నుంచి ఆ పేరు తీసేశారు. చట్టం దృష్టిలో అది అట్టడుగు తరగతి ‘టేబుల్ వైన్’ అయిపోయింది. పేరున్న ఇల్లు తన సీసా మీద ఆ ముద్ర వేయించుకోవడానికి చాలా ధైర్యం కావాలి. 1975 నాటికి తెల్ల ద్రాక్ష పూర్తిగా పోయింది. ఇప్పుడున్న పాళ్లు 1982 నుంచి దాదాపుగా మారలేదు: సాంజొవేసె 80 శాతం, కాబెర్నే సొవిన్యోన్ 15, కాబెర్నే ఫ్రాన్ 5.

ఈ పాళ్లలోనే అసలు సంగతి ఉంది. తిన్యానెల్లో గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా కాబెర్నే గురించీ, ఓక్ పీపా ఇచ్చే వెనీలా, లవంగం వాసనల గురించీ చెబుతారు. ముక్కుకు ముందు తగిలేవి అవే కాబట్టి అందులో వింత లేదు. కానీ ఈ వైన్‌ను ఇరవై ఏళ్లు నిలబెట్టేది వాసన కాదు, సాంజొవేసె పులుపు.

లేత సీసా తెరిచి గ్లాసులో మూడో వంతు పోసి, తెల్లటి గుడ్డ మీదుగా వంచి చూస్తే అంచు దాకా కెంపు రంగే ఉంటుంది. ఒక్క గుక్క నోట్లో కాసేపు ఉంచితే మొదట నాలుక పక్కల నుంచి నీళ్లూరతాయి. అది పులుపు పని. తర్వాత చిగుళ్లు బిగుస్తాయి, దోరనేరేడు కొరికినట్టు నాలుక పిడచగడుతుంది. అది టానిన్ల వగరు. ఈ వయసులో పులుపు, వగరు రెండూ దేనికది విడిగా తెలుస్తాయి. బాగాలేదని పక్కన పెట్టేయాల్సిన పని లేదు. ఇంకా కుదురుకోలేదంతే.

సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు, రంగు కణాలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కుతాయి. కొన్ని మడ్డిగా అడుక్కు చేరతాయి. వగరు మెత్తబడుతుంది, అంచు ఇటుక రంగుకు తిరుగుతుంది, పుల్లటి చెర్రీ వాసన స్థానంలో తోలు, పొగాకు, ఎండుటాకుల వాసన వస్తుంది. ఇన్ని మారినా పులుపు మాత్రం పెద్దగా తగ్గదు. పైగా పులుపు ఎక్కువున్న వైన్‌లో సూక్ష్మజీవులు తేలిగ్గా పెరగవు. పాడవకుండా వేసే కాస్త సల్ఫర్ డయాక్సైడ్ కూడా అందులో బాగా పనిచేస్తుంది. అందుకే పులుపు చాలని వైన్ ఎంత ఖరీదైనదైనా కొన్నేళ్లకే చప్పబడుతుంది.

దాచడానికి 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం, 70 శాతం దాకా తేమ, చీకటి కావాలి. వేడి ఒక్కటే శత్రువు కాదు, మాటిమాటికీ మారే వేడి కూడా చెడ్డదే. వైన్ వ్యాకోచించి, సంకోచించి బిరడా పక్కనుంచి గాలిని లోపలికి లాగుతుంది. బిరడా ఎండిపోకుండా సీసాను పడుకోబెట్టాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్, విజయవాడల్లో బీరువాలో పెట్టిన సీసా రెండు వేసవులకే చెడిపోవచ్చు. మామూలు ఫ్రిజ్ కొద్ది రోజులకైతే ఫర్వాలేదు, ఏళ్లకు సరిపోదు. వైన్ కోసమే చేసిన చల్లపెట్టె లేనివాళ్లు కొన్న ఏడాదే తాగేయడం మంచిది. అందులో నామోషీ ఏమీ లేదు.

దాచే వీలున్నవాళ్లు మాత్రం ఒక్క సీసా కొని దాన్ని దేవుడి పటంలా చూసుకోవడం వల్ల లాభం లేదు. ఒకే పంటవి మూడు కొంటే ఆరో ఏట ఒకటి, పదో ఏట ఒకటి, పదిహేనో ఏట ఒకటి తెరవొచ్చు. మారినదేమిటో, మారనిదేమిటో అప్పుడు నోటికే తెలుస్తుంది. కొనేటప్పుడు పంట సంవత్సరం చూసుకోవాలి. 1984, 1992, 2002ల్లో పంట బాగాలేదని ఆంటినోరివాళ్లు అసలు తిన్యానెల్లో తీయనేలేదు.

లేత వైన్‌ను రెండు గంటల ముందే డికాంటర్ అనే గాజు కూజాలోకి ఒంపి గాలి తగలనివ్వాలి. పాత సీసాను ఒక రోజు ముందు నిలబెట్టి, మడ్డి అడుక్కు దిగాక మెడ కింద దీపం పెట్టుకుని నెమ్మదిగా ఒంపాలి, వెంటనే తాగాలి. వైన్‌తో పాటు, ఈ తోట ఉన్న టస్కనీ ప్రాంతం వాళ్లయితే నిప్పుల మీద కాల్చిన మందపాటి గొడ్డుమాంసం పెట్టుకుంటారు. ఆ మాంసకృత్తులు వగరును పట్టేస్తాయి, పులుపు కొవ్వును కోసేస్తుంది. ఎర్రకారం దట్టించిన కూరతో ఈ వైన్‌లోని ఆల్కహాల్, వగరు రెండూ మంటెత్తిస్తాయి. మన వంటల్లో దీనికి జోడీ వెతికితే, కారం తగ్గించి రాతి పలక మీద కాల్చిన హైదరాబాదీ పత్థర్ కా గోష్త్‌ను ముందు పెట్టవచ్చు.