మనసు లయమయ్యే చోట: పోతన, లింగమూర్తి

మడికొండ నుంచి దక్షిణంగా వెళ్తే పాలకుర్తి దగ్గర బమ్మెర, తూర్పుగా వెళ్తే వరంగల్ నగరంలోనే మట్టెవాడ. మొదటిది పోతన ఊరు. రెండోది ‘సీతారామాంజనేయ సంవాదం’ రాసిన పరశురామపంతుల లింగమూర్తి ఊరు. ఒకరిది పదిహేనో శతాబ్దం, మరొకరిది పద్దెనిమిదో శతాబ్దం. మడికొండలో పుట్టిన వానమామలై వరదాచార్యులు (1912–1984) పోతన జీవితాన్నే ‘పోతన చరిత్రము’ అనే మహాకావ్యంగా మలిచారు. లింగమూర్తి పుస్తకాన్ని గురుశిష్య పరంపరలు భద్రంగా కాపాడుకున్నాయి గానీ, సాహిత్య విమర్శ మాత్రం దాన్ని వేదాంతమని పక్కన పెట్టేసింది. అది అన్యాయమనే నా అభిప్రాయం. యోగదర్శనం తెలుగు పద్యంలో ఎంత దూరం వెళ్లగలిగిందో తెలుసుకోవాలంటే ఈ ఇద్దరినీ కలిపే చదవాలి.

యోగమంటే ఇవాళ చాలామందికి జూన్ 21 గుర్తొస్తుంది. 2015 నుంచి ఏటా ఆ రోజున మైదానాల్లో ఆసనాలు వేస్తున్నారు. మంచిదే. కానీ పతంజలి సూత్రాలు పాఠాన్ని బట్టి 195 లేదా 196 ఉంటే, వాటిలో ఆసనం గురించి చెప్పినవి మూడే. ఆయన పట్టింపంతా చిత్తం మీద. ఆ చిత్తానికి వ్యాసభాష్యం అయిదు భూమికలు చెప్పింది: క్షిప్తం, మూఢం, విక్షిప్తం, ఏకాగ్రం, నిరుద్ధం. మన రోజువారీ బతుకు మొదటి మూడింటిలోనే గడిచిపోతుంది. యోగం మొదలయ్యేది ఏకాగ్రంలో. అక్కడ మనసుకు పట్టుకోవడానికి ఒకటి ఉంటుంది. నిరుద్ధంలో అదీ ఉండదు. పోతన మనసుకు పట్టు ఇచ్చిన కవి, లింగమూర్తి ఆ పట్టు విడిపించిన కవి. పైకి కనిపించే తేడా ఇదే. లోపల చూస్తే విషయం ఇంత సులువుగా తేలదు.

భాగవతం తృతీయ స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి యోగం బోధిస్తాడు. కొడుకు గురువు, తల్లి శిష్యురాలు. శుచి అయిన చోట సుఖంగా కూర్చుని, పూరక కుంభక రేచకాలతో ప్రాణాన్ని శుద్ధి చేసుకుని, చూపును ముక్కు కొనన నిలపమంటాడు. అంతవరకూ పతంజలి దారే. అక్కడి నుంచి దారి మళ్లుతుంది. మనసు నిలవాల్సింది విష్ణువు రూపం మీద, అదీ ఒక్కసారిగా కాదు. ముందు వజ్రం, అంకుశం, ధ్వజం, పద్మం గుర్తులున్న పాదాలు, తర్వాత లక్ష్మి ఒత్తే మోకాళ్లు, గరుత్మంతుడి భుజాల మీద ఆనిన తొడలు, బ్రహ్మ పుట్టిన నాభి, వక్షం, కంఠం, చేతులు, చివరికి ముఖం, ఆ ముఖంలోని నవ్వు. ఒక్కో అవయవం దగ్గరా మనసు ఆగాలి, అది స్థిరపడ్డాకే పైకి జరగాలి. ఇక్కడ పోతన చేయి తిరిగిన కవి మాత్రమే కాదు, సాధకుడి అవసరం తెలిసినవాడు కూడా. పద్యం నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి చదివేవాడి మనసూ ఆ వేగానికే దిగివస్తుంది. వర్ణన అలంకారం కోసం రాలేదు, ధారణకు సాధనంగా వచ్చింది. అయితే ప్రకృతి నుంచి మహత్తు, అహంకారం, భూతాలు పుట్టే వరస చెప్పేచోట ఈ ప్రాణం లేదు. అక్కడ వినిపించేది సాంఖ్యపు పట్టికే.

లింగమూర్తి పుస్తకానికి బీజం అధ్యాత్మ రామాయణం. పట్టాభిషేకం అయ్యాక హనుమంతుడు చేతులు జోడించి నిలబడితే, ఇతనికి తత్త్వం చెప్పమని రాముడు సీతను అడుగుతాడు. ఆ చిన్న ఘట్టాన్ని లింగమూర్తి మూడు అధ్యాయాల యోగశాస్త్రంగా పెంచాడు: తారకం, సాంఖ్యం, అమనస్కం. తారకంలో చూపుకు లక్ష్యాలుంటాయి, బయట ఒకటి, లోపల ఒకటి, నడుమ ఒకటి. సాంఖ్యంలో ఇది దేహం, ఇది ప్రాణం, ఇది బుద్ధి, ఇవేవీ నేను కావు అంటూ వడకట్టడం ఉంటుంది. అమనస్కంలో ఆ వడకట్టే మనసూ మిగలదు.

నాకు ఇందులో అన్నిటికన్నా గొప్పగా తోచేది సీత పాత్ర. అధ్యాత్మ రామాయణంలో సీత, నేను మూలప్రకృతిని, రామాయణంలో జరిగిందంతా నా పనే, రాముడు దేనికీ కర్త కాడు అని చెబుతుంది. అయోధ్యలో పుట్టడం, విల్లు విరవడం, లంక మీద యుద్ధం, అన్నీ ఆమె లెక్కలోకే వస్తాయి. పురుషుడు సాక్షి, ప్రకృతి కర్త్రి అన్న సాంఖ్యాన్ని ఇంతకన్నా ధైర్యంగా కథ నోట పలికించిన సందర్భం అరుదు. తెలుగువాళ్లకు కన్నీటి సీత బాగా తెలుసు, ఈ ఆచార్య సీత అంతగా తెలియదు. పోతన కపిలుడిదీ సాంఖ్యమే. కానీ అక్కడ బోధించేవాడు స్వయంగా విష్ణు అవతారం. ఈశ్వరుణ్ణి పక్కన పెట్టి నడిచిన ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలకు, ఈశ్వరుడే నోరు విప్పిన ఈ సాంఖ్యానికి చాలా దూరం.

ఇక అసలు ముడి. ధ్యానం చివర మనసేమవుతుంది? భాగవతం ఈ ప్రశ్నను దాటవేయలేదు. రూపాన్ని అంత శ్రద్ధగా పట్టుకున్న మనసు ఆఖరికి ఆ రూపాన్నీ వదిలి, ఆశ్రయం లేక, జ్వాల ఆరినట్టు ఆరిపోతుందని మూలంలోని కపిలుడే చెప్పాడు. అప్పుడు దేహం లేచిందో, కూర్చుందో సిద్ధుడికి తెలియదు. ఇది అమనస్కం కాక మరేమిటి? లింగమూర్తి మూడో అధ్యాయంలో చేరే గమ్యానికి కపిలుడు కూడా చేరుకున్నాడు. తేడా ఆ తర్వాతి అడుగులో ఉంది. లింగమూర్తి అక్కడితో గ్రంథం ముగించాడు. కపిలుడు మళ్లీ మొదలుపెట్టి భక్తియోగంలోకి దిగుతాడు. ఇచ్చినా మోక్షం పుచ్చుకోని భక్తుల గురించి, తోటి ప్రాణులను చులకన చేస్తూ ప్రతిమకు చేసే పూజ బూడిదలో వేసిన హోమమన్న సంగతి గురించి మాట్లాడతాడు. మనసు ఆరిపోవడాన్ని శిఖరంగా ఒప్పుకుంటూనే, ఆ శిఖరం దిగి రమ్మంటాడు.

తర్కం వరకే చూస్తే లింగమూర్తి పక్షమే గట్టిది. మనసు లయమయ్యాక భక్తి చేసేదెవరు అన్న ప్రశ్నకు భాగవతం సూటిగా జవాబివ్వదు. లింగమూర్తి దగ్గర ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య ఖాళీ లేదు. ఆ బిగువుకు ఆయన చెల్లించిన మూల్యమూ ఉంది. పద్యం శాస్త్రం బరువుతో వంగిపోతుంది, టీక గానీ గురువు గానీ లేకుండా కొత్తవాడికి లోపలికి దారి దొరకదు. పోతనది దీనికి తలకిందులు. ఎవరైనా ప్రవేశించవచ్చు. ఆయన పద్యాలు కంఠస్థమైన వాళ్లలో ఎక్కువమంది మాత్రం ఆరిపోయిన జ్వాల దాకా వెళ్లకుండా, మధురమైన రూపం దగ్గరే ఆగిపోతారు. మన పోతన విమర్శ చాలావరకు ఆగిందీ అక్కడే. గజేంద్రుడి మొర, ప్రహ్లాదుడి మాట ఎన్నిసార్లు ఎత్తుకున్నామో, కపిలుడి బోధను అందులో పదోవంతైనా ఎత్తుకోలేదు.

శ్రోతల సంగతి కూడా చూడాలి. భక్తిని మోక్షం కన్నా ఎక్కువన్న బోధ విన్న దేవహూతి అన్నీ విడిచి, ఒంటి స్పృహ లేని సమాధిలోకి వెళ్లిపోయింది, ఆమె దేహం నదిగా మారిందంటుంది భాగవతం. మనసే ఉండకూడదన్న బోధ విన్న ఆంజనేయుడు చిరంజీవిగా ఇక్కడే ఉండి, రామకథ ఎక్కడ జరిగితే అక్కడికి వచ్చి వింటూ, దాసుడిగానే మిగిలాడు. భక్తి గ్రంథం తన శ్రోతను లయంలోకి పంపింది, లయం నేర్పిన గ్రంథం తన శ్రోతను సేవలో ఉంచింది. మట్టెవాడ పుస్తకాన్ని శుష్క వేదాంతమని తోసిపుచ్చేవాళ్లు, లింగమూర్తి తన అమనస్కాన్ని వినిపించడానికి ఎంచుకున్నది హనుమంతుణ్ణేనని ముందు గమనించాలి.