పాత బండీ, పాత నవలా

"అమ్మా, రెండు పాత బళ్ళు చూశాను. యమహా ఎఫ్.జె.ఆర్. 1300, హోండా ఎస్.టి. 1300. యమహా ట్యాంకు 25 లీటర్లు, హోండాది 29. ఏది కొనను?" అని అమెరికా నుంచి మా వాడి ఫోను.

నవలలు రాసుకునేదానికి బళ్ళ సంగతేం తెలుసు? 1974లో అచ్చయిన రాబర్ట్ పిర్సిగ్ 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' మళ్ళీ తీశాను. ఉపన్యాసాల బరువుకి కథ కుంగిన మాట నిజమే. కానీ ఒక ఘట్టముంది. మిత్రుడి బి.ఎం.డబ్ల్యు. హ్యాండిల్ వదులైతే, బీరు డబ్బా రేకుతో బిగిస్తానంటాడు కథకుడు. మిత్రుడికది నామోషీ! బండి విలువ పేరులో లేదు, చూసుకునే చేతిలో ఉందన్నమాట. ఇంజను చప్పుడులో తేడా ఇట్టే పట్టే ఆ తండ్రి, వెనక కూర్చున్న కొడుకు దిగులు మాత్రం చాలా ఆలస్యంగా వింటాడు. నవల నిలిచింది అక్కడే.

"సర్వీసు కాగితాలన్నీ ఉన్నది కొను నాయనా" అన్నాను. ఫోను పెట్టెయ్యకుండా వాడి గొంతు విన్నాను, కాసేపు.